పడక కుర్చీకి పెట్టిన మెరుగు

మా సంఘంలోని కుర్రవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక నా చుట్టూ చేరి ఫోన్లో వీడియోలు చూపిస్తుంటారు. ఎవరో ఒకాయన చెత్తలో పారేసిన కుర్చీని తెచ్చి, కడిగి, గీకి, రుద్ది, మెరుగు పెట్టి, మనం టీ తాగేంత సేపట్లో దాన్ని పెళ్ళికొడుకులా నిలబెడతాడు. "అంకుల్, మీరు ఇన్నేండ్లు చేసింది గిదే పని గద?" అని అడుగుతారు. అవును, ఇదే పని. కాకపోతే ఆ వీడియోల్లో కుర్చీ ఉంటుంది గాని అందులో కూర్చోవలసిన మనిషి ఎక్కడా కనబడడు. నా బతుకులో ఒకసారి నేనూ ఆ మనిషిని మరిచిపోయాను. మోకాళ్ళు మొరాయించి పనిముట్లు అటక మీద పెట్టేశాను కాబట్టి, ఇప్పుడు తీరికగా ఆ సంగతి చెబుతాను. మీలో ఎవరైనా ఉలి పట్టేవాళ్ళుంటే ఉపయోగపడవచ్చు. లేకపోతే నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

నాది జగిత్యాల. చిన్నప్పుడు హాస్టల్లో చదువు అంతంతమాత్రంగా, వడ్రంగం కాస్త గట్టిగా నేర్పారు. కొత్త సామాను నేను పెద్దగా చేయలేదు. ఇళ్ళకు వెళ్ళి పాత సామాన్లు బాగుచేయడమే నా పని. కాళ్ళు వదులైన పట్టెమంచాలు, వానాకాలంలో తలుపు పడని బీరువాలు, మూత విరిగిన సందుగలు. ఇంటికి సున్నం వేసినప్పుడో, పెళ్ళి కుదిరినప్పుడో, అన్నదమ్ములు పంచుకున్నప్పుడో నాకు కబురొచ్చేది. సంచి భుజాన వేసుకుని వెళ్ళి వాళ్ళ అర్రలోనో అరుగు మీదో కూర్చుని పని చేసేవాణ్ణి. ఇందులో ఒక లాభం, ఒక నష్టం. ఆ ఇంటి మాటలన్నీ నాకు వినబడేవి, అది లాభం. నా మాటలన్నీ ఆ ఇంటికి వినబడేవి, అది వాళ్ళకు నష్టం. ఎందుకంటే చేతికి చిత్రిక దొరికితే నా నోటికి వాక్యం దొరుకుతుంది. బీరువా తలుపు సరిచేస్తూ నోవహు ఓడ కథ మొత్తం చెప్పిన రోజులున్నాయి. పని మొదలుపెట్టే ముందు కుర్చీ మీదో మంచం మీదో చేయి పెట్టి ప్రార్థన చేసేవాణ్ణి. చాలామంది అది కూడా కూలిలోనే కలిసి ఉంటుందనుకుని ఓపిగ్గా నిలబడేవారు.

ప్రభువుది నా వృత్తే అన్న గర్వం ఒకటి నాకు మొదటి నుంచీ ఉండేది. సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ ఆ మాట చెప్పేవాణ్ణి. నేను నోరు తెరవకముందే వెనక బెంచీల్లో ఎవరో ఆ మాట నాకన్నా ముందు గొణిగేవారు. మా ఆవిడ మాత్రం ఒకసారి అన్నం వడ్డిస్తూ, "ఆయన ముప్పై ఏండ్లకే ఆ పని ఇడిసిపెట్టిండు. నువ్వెప్పుడు ఇడిసిపెడ్తవ్?" అంది. దానికి జవాబు చివరికి నా మోకాళ్ళే చెప్పాయి.

ఇక నా మొక్కుబడి సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. పెళ్ళికాని రోజుల్లో ఒక ప్రసంగీకుడు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల కూటంలో, ప్రభువు చేతుల్లో దిగిన మేకుల గురించి చెప్పాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మేకులు, మా దిక్కు మాటలో మొలలు, నేను రోజూ కొట్టేవే కదా! ఇక మీదట శ్రమల దినాలు నలభై రోజులూ ఇనుప మేకు ముట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. సంఘంలో కొందరు మాంసం మానేస్తారు, కొందరు టీ మానేస్తారు. నేను మేకులు మానేశాను. "మాంసం కూర మీద మనసు సంపుకోలేక మొలల మీద పడ్డవ్" అంది మా ఆవిడ.

నిజం చెప్పాలంటే ఆ ఒట్టు నాకేమీ కష్టం కాలేదు. మంచి పాత సామానుకు మేకుల అవసరం తక్కువ. ఒక కొయ్య కొనను ఇంకో కొయ్య బెజ్జంలో దించి, జిగురు పెట్టి, వెదురు చీల బిగిస్తే మేకు కన్నా గట్టిగా నిలుస్తుంది. అలా ఖర్చు లేకుండా భక్తి, శ్రమ లేకుండా పేరు వచ్చాయి. "శ్రమల దినాలల్ల మొల ముట్టడట!" అని జనం చెప్పుకుంటుంటే చెవులు రిక్కించి వినేవాణ్ణి.

ఈ ఒట్టును నమ్మనివాడు ఒక్కడే ఉండేవాడు, నా పాలిష్ భాయ్. ఆయనది కోరుట్ల. నేను కట్టె పని చేస్తే ఆయన మెరుగు పెట్టేవాడు. చాలా ఏళ్ళు జంటగా తిరిగాం. ఐదు పూటలా నమాజు తప్పనివాడు, మాట తక్కువ. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "స్క్రూ మొల కిందికి అస్తదా రాదా?" అని అడిగాడు. నాకు ఆ సందేహం అంతవరకు రాలేదు. వెళ్ళి మా అయ్యగారిని, అంటే మా సంఘ కాపరిని అడిగాను. ఆయన తల పట్టుకుని, "నన్ను గీ పంచాయితీలకు గుంజకు" అన్నారు. నా దీర్ఘ ప్రార్థనల మీద కూడా భాయ్‌కి ఒక అభిప్రాయం ఉండేది. "నువ్వు ఆమెన్ అనేలోపు నా వార్నిష్ రెండు పూతలు ఆరుతది" అనేవాడు.

సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది ఇలాంటి శ్రమల దినాల్లోనే. ఇంటి వెనక షెడ్డులో కొన్ని సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుకునే కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు చేమగ్గం నేసి, తర్వాత సాంచెల మధ్య బతికి, ఊపిరితిత్తుల నిండా నూలు దుమ్ము నింపుకున్నాడు. దమ్ము జబ్బు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అందుకని రాత్రీ పగలూ ఒక పడక కుర్చీలోనే ఒరిగి నిద్రపోయేవాడు. ఆ కుర్చీ విరిగింది. ఇక ఆయనకు నిద్ర లేదు. ఫోన్ చేసింది ఆయన బిడ్డ. తండ్రిని చూసుకోవడానికి అత్తగారింటి నుంచి వచ్చి ఉంటోంది.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. కుర్చీని చూడగానే నా కళ్ళు చెదిరాయి. అసలు టేకు. పొడుగు చేతులు, పేము బేతంతో అల్లిన వీపు. ఒకప్పుడు కోనరావుపేట దిక్కు ఒక దొరగారి గడిలో ఉండేదట. గడి సామాను అమ్ముకున్నప్పుడు పెద్దాయన కొన్నాడు. ఆయన గోడకు దిండ్లు పేర్చుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"గీ కుర్చీ ముంగట... మా నాయిన చేతులు కట్టుకొని నిలవడ్డడు. నేను... గిండ్ల కాళ్ళు సాపుకొని పండుకుంట."

"మరి ఎట్ల ఇరిగింది పెద్దయ్యా?"

ఆయన కొడుకు వైపు చూశాడు. కొడుకు భారీ మనిషి. తల దించుకుని, "ఫ్యాన్ తుడుద్దామని దాని చెయ్యి మీద ఎక్కి నిలవడ్డ" అన్నాడు.

"దొర కూసున్నా ఇరగలే. నీ అసుంటోడు ఎక్కితె ఇరుగది మరి!" అంది బిడ్డ తమ్ముడితో.

కొడుకు తప్పు దిద్దుకోవడానికి మందుల షాపు నుంచి తల వైపు పైకి లేపే ఇనుప మంచం కిరాయికి తెచ్చాడు. పెద్దాయన దాన్ని గడప దాటనివ్వలేదు. దవాఖాన మంచం ఇంట్లోకొస్తే మనిషి బయటికి పోతాడని ఆయన నమ్మకం. ఆ మంచం వాకిట్లో నిలబడి ఉంది, దాని మీద ఉతికిన బట్టలు ఆరుతున్నాయి.

కుర్చీ తిప్పి చూశాను. వెనక కాలు అతుకు దగ్గర తెగింది, చేతికొయ్య చీలింది. కొత్త ముక్క వేసి, జిగురు పెట్టి, ఒక ఇనుప పట్టీ వేసి మేకులతో బిగిస్తే సాయంత్రానికి అయిపోయే పని. అక్కడే, ఆ ఇంట్లోనే. ఎన్నో ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే కదా. కానీ పట్టీకి మేకులు కావాలి, నాకు ఒట్టు ఉంది. అది ఒక సాకు. అసలు కారణం వేరే. నేను బొటనవేలు తడిచేసి చేతికొయ్య మీద రుద్దాను. మురికి కింద నుంచి టేకు చార నిప్పులా మెరిసింది. అంతే, నా మనసు అదుపు తప్పింది. దీన్ని పూర్తిగా విప్పాలి, గీకాలి, మెరుగు పెట్టాలి, దొర కూడా చూడని రూపం తేవాలి అనుకున్నాను.

"ఈడ్నే చేస్తరా కాకా?" అని అడిగింది బిడ్డ.

"లేదమ్మా, గిది పెద్ద పని. ఇంటికి తీస్కపోయి చేస్త."

పెద్దాయన చేయి ఎత్తాడు. "నాకు మెరుగు అక్కెర లేదు మేస్త్రీ. పండుకుంటె సాలు."

పెద్దవాళ్ళు మొహమాటానికి అలాగే అంటారనుకుని చిరునవ్వు నవ్వాను. కుర్చీ మీద చేయి పెట్టి ప్రార్థన కూడా చేశాను. పెద్దాయన కోసం కాదు, నా చేతుల నైపుణ్యం కోసం.

జగిత్యాల తెచ్చాక పని సాగింది. సాగింది అనే మాట సరైనదే. విరిగిన కొన తీసి కొత్త టేకు ముక్క దించాను. వెదురు చీలలు చెక్కాను, జిగురు ఆరబెట్టాను. ఆపై గరుకు కాగితం తీసుకుని రుద్దుడు మొదలుపెట్టాను. అప్పుడే నాకు ఇంకో పని కూడా తగిలింది. శుభ శుక్రవారం నాడు మా గుడిలో పన్నెండు నుంచి మూడు దాకా ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట నా వంతు. ప్రభువు దాహమడిగిన మాట. రుద్దుతూ ప్రసంగం బట్టీ పడుతున్నాను, బట్టీ పడుతూ రుద్దుతున్నాను. ప్రసంగం పెరిగిన కొద్దీ కుర్చీ నునుపెక్కింది. తల ఆనించే చోట పెద్దాయన కొబ్బరినూనె మరక నల్లగా, చంద్రుడంత ఉండేది. దాన్ని గీకి తీసేసరికి నాకు పాపం కడిగినంత తృప్తి కలిగింది.

మధ్య మధ్య బిడ్డ ఫోన్ చేసేది. "అయిందా కాకా?"

"అయితుందమ్మా. జిగురు పట్టాలె గద."

మళ్ళీ రెండు రోజులకు, "కాకా, బాపు పండుకుంటలేడు."

"నేను రోజు ప్రార్థన చేస్తున్నమ్మా."

ఈ మాట విని మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది. "ప్రార్థన ఆపి కుర్చి పంపరాదా?" అంది. ఆమె విశ్వాసంలో ఇంకా ఎదగాలని నేను మనసులో అనుకున్నాను.

తర్వాత కుర్చీ కోరుట్లకు పోయింది, భాయ్ ఇంటికి. రంజాన్ నెల. ఆయన పొద్దున కాసేపే పని చేయగలడు, మధ్యాహ్నానికి నోరు ఎండిపోయేది. అయినా మొదటి పూత వేశాడు, ఆరాక రుద్దాడు, రెండో పూత వేశాడు. "సాలు మేస్త్రి సాబ్. తీస్కపో" అన్నాడు. నేను కుర్చీని ఎండలోకి జరిపి, ఒక కన్ను మూసి చూశాను.

"ఇంకో పూత ఎయ్యి భాయ్. అద్దం తీరు కావాలె."

"ఎందుకు? ఆయన అందుల మొఖం చూస్కుంటడా?"

"జర నా మాట ఇను."

"ఎయ్యమంటె ఏస్త. గని గీ వాసన జల్ది పోదు."

"గాలికి పోతది తియ్యి."

ఆ పూత ఆరుతుండగా గురువారం నాడు బిడ్డ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అయిందా అని అడగలేదు. "కాకా, బాపు ముంగట స్టూలు ఏస్కొని దాని మీద తల పెడ్తుండు. కన్ను అంటంగనే పక్కకు పడిపోతుండు. నేను, మా తమ్ముడు వంతుల మీద పట్టుకొని కూసుంటున్నం. కుర్చి ఎట్లున్నదో అట్లనే పంపుండ్రి. కాలు లేకున్నా మంచిదే."

మరునాడు శుభ శుక్రవారం. పొద్దున్నే ఇచ్చేసి పన్నెండు కల్లా గుడికి చేరొచ్చని లెక్క వేసుకున్నాను. ప్రసంగం కాగితం జేబులో పెట్టుకుని, తెల్ల చొక్కా వేసుకుని కోరుట్ల వెళ్ళి, భాయ్‌ని తోడు తీసుకుని, కుర్చీని ట్రాలీ ఆటోలో ఎక్కించాను. దుప్పటి కప్పితే పూత చెదురుతుందని కప్పలేదు. వేములవాడ బజారులో బండి ఆగినప్పుడు యాత్రికులు ఆ మెరుపు చూసి దారి ఇచ్చారు. ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి, "ఏ సామి కూసుంటడయ్యా గిండ్ల?" అని అడిగింది. నాకు ఛాతీ పొంగింది. భాయ్ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు చూశాడు.

సిరిసిల్ల ఇంట్లో దింపేసరికి వాకిలి వెలిగింది. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. కొడుకు చేతికొయ్య మీద వేలు పెట్టడానికే జంకాడు. పెద్దాయన మాత్రం కుర్చీ వైపు చూడనే లేదు. స్టూలు మీద తల ఆనించి ఉన్నాడు. కళ్ళ కింద గుంతలు. నేను వెళ్ళినప్పటి కన్నా సగం మనిషయ్యాడు. ఇద్దరు పట్టుకుని లేపి కూర్చోబెట్టారు. వెనక్కి ఒరిగాడు. కాళ్ళు చాపాడు. ముఖంలో ఏదో వదులైనట్టు కనిపించింది. నేను ప్రార్థన చేయడానికి చేయి ఎత్తాను.

అప్పుడు దగ్గు మొదలైంది.

మొదట ఒకటి, తర్వాత ఆగకుండా. కొత్త వార్నిష్ ఘాటు నేరుగా ఆయన ముక్కు కిందే ఉంది. ఛాతీ కొలిమి తిత్తిలా ఎగసి పడింది. పెదవులు నల్లబడ్డాయి. బిడ్డ పరుగెత్తి నోట్లో కొట్టే మందు పంపు తెచ్చింది. కొడుకు తండ్రిని ఎత్తి మళ్ళీ స్టూలు దగ్గర కూర్చోబెట్టాడు. నేనూ భాయ్ కుర్చీని వాకిట్లోకి మోసుకెళ్ళాం. అక్కడ, బట్టలారేసిన ఇనుప మంచం పక్కన, అది ఎండలో ధగధగా మెరుస్తూ నిలబడింది.

ఊపిరి కాస్త కుదుటపడ్డాక కొడుకు బయటికి వచ్చాడు. గొంతు పెంచలేదు. "మేస్త్రీ, నేను ఇరగ్గొట్టిన గని, ఇరిగిన దాంట్ల బాపు ఎట్లనన్న ఒరుగుతుండె. మీరు పురాగ కూసోరాకుంటనే చేసిండ్రు."

"పూత గీకేస్తె?" అని నేను గొణిగాను.

"గీకాల్నంటె మందు పుయ్యాలె. గా మందు వాసన దీనికి నాయిన" అన్నాడు భాయ్. "వారం దినాలు ఎండల ఉండాలె. ఇంకో పద్ధతి లేదు." అని, జుమ్మా నమాజుకు వేళైందని తల వంచుకుని మసీదు వైపు వెళ్ళిపోయాడు.

నేను గడియారం చూసుకున్నాను. వెంటనే బస్సు దొరికితే ఐదో మాటకు అందుకోవచ్చు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ నిమిషంలో నేను లెక్కపెట్టింది బస్సునే. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును బయటికి లాగరా అని ప్రభువు అడిగిన సంగతి మీద నేను మూడు సంఘాల్లో ప్రసంగించాను. ఎద్దు కళ్ళ ముందు గుంటలో ఉంటే మాత్రం బస్సు టైము చూసుకుంటున్నాను.

చెప్పి వెళ్దామని లోపలికి వచ్చాను. పెద్దాయన తల ఎత్తకుండానే చేయి ఊపాడు. "పోండ్రి మేస్త్రీ... మీకు ఇయ్యాల పండుగట గద. మీ పండుగ... ఖరాబు కావద్దు."

ఆయన తిట్టి ఉంటే వెళ్ళిపోయేవాణ్ణి. ఆ మాటకు మాత్రం కాళ్ళు కదలలేదు.

"పెద్దయ్యా, ఎంత వాలితె నీకు నిద్ర పడ్తది?" అని అడిగాను. ఇన్ని రోజుల్లో నేను ఆయన్ను అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్న అది.

"గది ఎట్ల చెప్పస్తది..."

గోడ పక్కన నవారు మంచం ఉంది. ఆయన్ను దాని మీద కూర్చోబెట్టించి, నేను వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని నా వీపు ఆయన వీపుకు ఆనించాను. మోకాళ్ళ మీద ఉండడం నాకు అలవాటే, అది ఇంకొకరికి పనికి రావడం కొత్త. మెల్లగా ముందుకు వంగాను. ఆయన నా మీద వాలాడు. పక్కటెముకల్లో పిల్లికూతల్లాంటి ఊపిరి నా వెన్నుకు తెలుస్తోంది.

"గింత సాలా?"

"ఇంకింత..."

"గిప్పుడు?"

"ఆఁ. గాడ ఆపు."

ఆపాను. కొడుకును పిలిచి, గోడ మీద సుద్దముక్కతో నా వీపు వాలును గీయమన్నాను. కొలత టేపు లేకుండా నేను తీసుకున్న కొలత అదొక్కటే, నా పనిలో తప్పు పోనిది కూడా అదొక్కటే.

ఇక చెక్క కావాలి. షెడ్డు వెనక సాంచె మోటార్లు వచ్చిన పెట్టెల చెక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఏ పూతా లేనివి, ఏ వాసనా లేనివి. వాటి నిండా నల్లరంగు బాణం గుర్తులు, ఈ వైపు పైకి ఉండాలని. ఆ కట్టెకు చీల దించితే పగులుతుంది. జిగురు ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజు కూడా పెద్దాయన దగ్గర లేదు. మేకులే కావాలి. వెంట తెచ్చిన సంచిలో రంపం ఉంది గాని మేకులు, సుత్తి లేవు, నలభై రోజులుగా లేవు. పెట్టెలకున్న తుప్పు మేకులనే ఊడబీకి, బండ మీద పెట్టి సాపు చేసుకున్నాను. కొడుకు సాంచెలు బాగుచేసే సుత్తె తెచ్చిచ్చాడు. మొదటి దెబ్బ మేకుకు తగల్లేదు, బొటనవేలికి తగిలింది.

"ప్రార్థన చెయ్యరా కాకా?" అని బిడ్డ అడిగింది. ఎత్తిపొడుపో, మర్యాదో తెలియలేదు.

"తర్వాత చేస్తనమ్మా. గీ చెక్క గట్టిగ పట్టుకో."

కొడుకు ఒకవైపు, బిడ్డ ఒకవైపు పట్టుకున్నారు. సుద్దగీత వాలుకు రెండు పక్క చెక్కలు కోసి, వాటి మీద అడ్డంగా పలకలు పెట్టి కొడుతున్నాను. తెల్ల చొక్కా చెమటకు తడిసి తుప్పు మరకలు పడ్డాయి. ఫోన్ మోగింది, మా అయ్యగారు.

"ఎక్కడున్నరు? మూడో మాట నడుస్తుంది."

"సిరిసిల్లల ఉన్న అయ్యగారూ."

"ఏంది గా సప్పుడు?"

ఫోన్ నా చెవి దగ్గర పట్టుకున్నది కొడుకు. నేను కొడుతూనే ఉన్నాను. "మొలలు కొడుతున్న" అన్నాను.

"ఇయ్యాలనా?"

"ఇయ్యాల్నే. ఒక పెద్దాయనకు నిద్ర లేదు అయ్యగారూ. నా వల్లనే."

ఫోన్లో వెనక నుంచి మా సంఘం పాట సన్నగా వినిపించింది. "సరే, నీ మాట నేను చెప్త తియ్యి. నువ్వు కానియ్యి" అన్నారు. ఆ తర్వాత, "మా వాళ్ళకు ఇయ్యాల జర తొందరగ ఇడుపు దొరుకుతది" అని కూడా అన్నారు. అది ఓదార్పో, సత్యమో నేను ఇప్పటిదాకా అడగలేదు.

పని అయింది. దాన్ని ఏమని పిలవాలో తెలియదు. వాలుగా ఉన్న ఒక బల్ల, కింద రెండు ముక్కోణాలు, ఒక బాణం పైకి, ఒక బాణం పక్కకు. నా మొత్తం పనిలో అంత వికారమైనది ఇంకొకటి లేదు. మంచం మీద పెట్టి, మీద బొంత పరిచి, కాళ్ళు జారకుండా ఒక అడ్డ చెక్క వేసి, పెద్దాయన్ను ఒరిగించాం. ఆయన రెండుసార్లు సర్దుకున్నాడు. దగ్గుతాడేమోనని అందరం చూస్తున్నాం. దగ్గలేదు. ఊపిరి పిల్లికూతలు కూస్తూనే కొంచెం నెమ్మదించింది. చేయి జారి మంచం పట్టె మీద పడింది. నోరు తెరుచుకుంది. గురక మొదలైంది.

వెనక షెడ్డులో సాంచెలు టకటకమంటూనే ఉన్నాయి. కొడుకు వాటిని బంద్ చేయబోతే బిడ్డ ఆపింది. "వద్దురా. సప్పుడు ఆగితె బాపు లేస్తడు." తర్వాత ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఇన్నాళ్ళూ నిద్ర లేనిది ఒక్క పెద్దాయనకే అనుకున్నాను నేను.

భాయ్ మసీదు నుంచి తిరిగొచ్చి గడపలో నిలబడ్డాడు. మంచం మీది దాన్ని ఒకసారి, నా కమిలిన బొటనవేలును ఒకసారి చూశాడు. "నలభై దినాలు దాసుకున్న మొలలన్ని గియ్యేనా?" అని గుసగుసగా అడిగాడు. చెప్పులు విడిచి, లోపలికొచ్చి, చెక్క పలక అంచును అరచేత్తో తడిమి చూశాడు. పేడు లేచి ఉంది. జేబులోంచి గరుకు కాగితం ముక్క తీసి, పెద్దాయన నిద్ర చెదరకుండా ఆ ఒక్క అంచునే నునుపు చేసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మెరుగు మాట ఎత్తలేదు.

అప్పుడే వెళ్ళిపోవచ్చు. గుడి ఎలాగూ అయిపోయింది, బస్సులు ఉన్నాయి. నేను వెళ్ళలేదు. ఆయన లేచి ఒక మంచి మాట అంటాడని ఆశ. ఇంత జరిగాక కూడా పొగడ్త కోసం ఎదురుచూస్తున్న మనిషిని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

పొద్దు వాలే వేళకు పెద్దాయన కళ్ళు తెరిచాడు. మొదట ఎక్కడున్నాడో తెలియనట్టు చూశాడు. బిడ్డ లేచి మంచినీళ్ళు తాగించింది. ఆయన వెనక్కి చేయి పెట్టి బొంత కింద చెక్కను తడిమాడు, మేకు తలలను వేలితో తడిమాడు.

"గిది ఎవలు జేసిన్రు?"

"మేస్త్రి కాకనే, బాపూ" అంది బిడ్డ.

నేను కొంచెం ముందుకు జరిగాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఈసారి ఊపిరి కోసం ఆగకుండా, ఒక్క తీరుగా అడిగాడు.

"గిది మొదాలే చెయ్యచ్చు గద మేస్త్రీ. గిన్ని దినాలు ఏం జేసినవ్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. పెద్ద జవాబే, వాక్యాధారాలతో సహా. సిద్ధపడి గొంతు సవరించుకునేలోపే ఆయన కళ్ళు మళ్ళీ మూతలు పడ్డాయి. బిడ్డ నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది.

ఊరుకున్నాను.